కాయితంలో లేని పన్నెండు బార్లు

రికార్డింగు హాలు పక్కన, అద్దం వెనక చిన్న గది. మధ్యాహ్నం, భోజనాల వేళ. పియానో వాయించే అక్క పక్కన ముప్ఫై రెండేళ్లుగా కూర్చుని పేజీలు తిప్పుతున్న చెల్లెలు, ఇంజినీరు పిలిస్తే ఒక్కతే లోపలికి వచ్చింది.

“…తలుపు వేశారా?”

“వేశానండీ చిన్నమ్మగారూ.”

“గడియ?”

“గడియెందుకండీ, ఎవరూ రారు. వయొలిన్ వాయించే అమ్మాయీ సెల్లో వాయించే ఆయనా భోజనానికి వెళ్లారు.”

“మా అక్క?”

“పెద్దమ్మగారు బయట మెట్ల మీద కూర్చున్నారు. కాయితాలు ముందేసుకుని.”

“చూశారా! అదే నేననేది. తిండి మానేసి కాయితాలు. సరే, వినిపించండి. ఏం వినాలో వినిపించండి ఇంజినీరు బాబూ.”

“కంగారు పడకండి. రెండో భాగం, పొద్దున మూడోసారి తీసిన టేకు. వయొలిన్, సెల్లో రెండూ ఆగిపోయి పియానో ఒక్కటే మిగులుతుంది చూడండి, అక్కణ్ణించి.”

“తెలుసు. కాయితం మీద నిలువు గీతల మధ్య గడులు లెక్కపెడితే ఇరవై బార్లు పియానో ఒక్కటే. అవయ్యాక అక్క తలెత్తి సైగ చేస్తే సెల్లో ఆయన అందుకుంటాడు.”

“అవునండీ, ఇరవై. ఇందులో ముప్ఫై రెండున్నాయి.”

“ఏమిటీ?”

“ముప్ఫై రెండు. నాలుగుసార్లు లెక్కపెట్టుకున్నాను. కాయితంలో లేని పన్నెండు బార్లు ఎక్కువ వాయించారు పెద్దమ్మగారు.”

“పన్నెండు బార్లే! మా బావగారుంటే, ఊరంతా కలిపినా అన్ని లేవు కదే అనేవారు.”

“నవ్వొస్తోందా అండీ?”

“ఏడుపొస్తోంది బాబూ. ఏడుపొచ్చినప్పుడు నేనిలాగే వాగుతాను. పెట్టండి, పెట్టండి.”

“ఇదిగో… పదిహేడు. పద్దెనిమిది. పందొమ్మిది. ఇరవై. ఇప్పుడు వినండి… వింటున్నారా?”

“ఊఁ.”

“ఇది ఈ సంగీతం కట్టినాయన రాసింది కాదు. కానీ ఆయన రాసినట్టే ఉంది. అతుకెక్కడుందో నాకే తెలియలేదు. సెల్లో ఆయన కూడా, ఈ చేతిరాతలున్న లైబ్రరీ వాళ్లు కొత్త పేజీ ఏదో పంపారు కాబోలనుకుని, విల్లు ఎత్తి పట్టుకుని అలాగే కూర్చున్నాడు.”

“ఆపండి. చాలు. ఇంకెవరికీ తెలీదుగా?”

“తెలియడానికి ఆయన సంగీతం విన్నదెవరండీ? పేరున్న వాళ్లదైతే ఒక్క స్వరం అటూ ఇటూ అయినా జనం చెవి మెలేస్తారు. ఈయన పోయి నూట నలభై ఏళ్లు. మీ అక్కచెల్లెళ్లు మొదటి రికార్డు తెచ్చేదాకా ఈయనొకడున్నాడని నాకే తెలీదు.”

“కోడిగీతలాయన.”

“ఏమిటండీ?”

“మేము పెట్టుకున్న పేరు. చేతిరాత చూశారుగా, కోడి గెలికినట్టుంటుంది. బళ్లో పిల్లలకి పాటలు నేర్పుకుంటూ, సెలవురోజుల్లో ఇవి రాసుకునేవాడట పాపం. ముగ్గురో నలుగురో ఒక గదిలో కూర్చుని వాయించుకునేవి. పెద్ద కచేరీల వాళ్లెవరూ మొహం చూడలేదు. అచ్చు వేస్తానన్నవాడు వెయ్యలేదు. పోయాక ఆయన కూతురు అన్నీ మూటకట్టి లైబ్రరీకిచ్చేసింది. అక్కడ సగం తడిసి, సగం ఎలుకల పాలై… మా అక్క వెళ్లి దుమ్ము దులిపింది. అవి చదవడానికే మాకు మూడేళ్లు పట్టింది బాబూ. నేను చదివేదాన్ని, అక్క వాయించేది. ఏది స్వరమో ఏది సిరా మరకో నేనే తేల్చేదాన్ని. నీ కళ్లే నా కళ్లు చిన్నీ, అనేది.”

“ఆ సంగతి ఆ రికార్డు అట్ట మీద కూడా వేశారు కదండీ.”

“వేశారు. అందుకే అడుగుతున్నా, ఆ పన్నెండూ కోసెయ్యండి. కోసెయ్యగలరా?”

“కోస్తే కుట్టు కూడా కనపడదు. అది పెద్ద పని కాదు. అసలు అవి ఎందుకొచ్చాయన్నది…”

“ఎందుకొచ్చాయో నాకు తెలుసు.”

“తెలుసా అండీ?”

“ఆరు నెలల్నుంచీ తెలుసు. గుండెల మీద కుంపటి పెట్టుకుని తిరుగుతున్నాను. తలుపు వేశారా?”

“ఇందాకే వేశానండీ.”

“వేశారా, సరే. ఎవరితోనూ అనకండి. మా అక్కకి మతి తప్పుతోంది.”

“చిన్నమ్మగారూ…”

“ఉండండి, నన్ను చెప్పనివ్వండి. మళ్లీ నోరు రాదు. మొన్న చలికాలంలో ఒకరోజు నేను స్నానం చేసి వచ్చేసరికి ఇల్లంతా పొగ. పాలగిన్నె మాడి బొగ్గైపోయింది. ఇంట్లో ఉండేది మేమిద్దరం. నేను పెట్టలేదు, మరెవరు పెట్టినట్టు? అడిగితే ఏమందో తెలుసా? ‘పోనీలే, గిన్నే కదా’ అంది. ఒక్క మాట. మా అక్కా! గిన్నె అడుగంటితే మూడు రోజులు సాధించే మనిషి!”

“మరి మీరు…”

“ఆ తర్వాత చీటీలు మొదలయ్యాయి. ఇంటినిండా చీటీలే. స్టవ్ దగ్గర ‘ఆపు’ అని. తలుపు మీద ‘తాళం, ఈ మేకుకి’ అని. మందుల డబ్బా మీద ‘పొద్దున వేసుకున్నావు’ అని. అన్నీ అక్క చేతిరాతే. తనకి తను ఉత్తరాలు రాసుకుంటోంది బాబూ! నేను చూసీ చూడనట్టు ఊరుకుంటున్నాను. అభిమానం కదా మనిషికి.”

“పెద్దమ్మగారితో ఎప్పుడైనా అన్నారా ఈ మాట?”

“ఎలా అంటాను? దానికి తోడు ఒంటరిగా ఉండలేకపోతోంది. నేను వీధి చివర షాపుకి వెళ్తానన్నా చెప్పులేసుకుని వెనకే వస్తుంది. చిన్నపిల్ల పమిట పట్టుకుని తిరిగినట్టు. తెల్లారకముందే లేచి కాయితాలు ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని ఏదో గొణుక్కుంటుంది. మొన్న తలుపు సందులోంచి చూశాను. చేతులు గాల్లో ఆడుతున్నాయి. పియానో లేదు, ఏమీ లేదు. ఒట్టి గాల్లో! ఒళ్లు జలదరించింది నాకు.”

“అది కంఠస్థం చెయ్యడం కదండీ.”

“ఎందుకు కంఠస్థం? పేజీ తిప్పడానికి నేను లేనూ?”

“…ఈ రోజుల్లో చాలామంది పలకల్లాంటి చిన్న కంప్యూటర్లు పెట్టుకుంటున్నారు చిన్నమ్మగారూ. కాలితో చిన్న మీట నొక్కితే పేజీ మారిపోతుంది. నా దగ్గరొకటుంది. కావాలంటే మధ్యాహ్నం…”

“మీరూ అదే మాటా! పోయినేడు అక్క అదే అంది. పలకట పలక! ముప్ఫై రెండేళ్లు తిప్పాను. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి రెండు పేజీలు కలిసి రాలేదు నా చేతిలో. అక్క నోటితో చెప్పక్కర్లేదు, తల కొంచెం కదిపితే చాలు.”

“అదేనండీ… హాల్లో పైన చిన్న కెమెరా ఉంటుంది. ఎవరు ఎప్పుడు మొదలెడతారో నాకు కనపడాలి కదా, అందుకు. ఇందాక ఆ టేకు బొమ్మతో కలిపి చూశాను. ఇరవయ్యో బార్‌కి ముందు పెద్దమ్మగారు తల ఊపారు. తర్వాత మళ్లీ ఊపారు. మళ్లీ…”

“చూశారా మరి! ఏమీ లేనిచోట తలూపుతోంది!”

“ఏమీ లేనిచోటా అండీ?”

“కాక? అయ్యో, నా తల్లీ. నలుగురిలోనూ బయటపడిపోతోందన్నమాట. నేను చెప్పింది మంచిదే అయింది.”

“ఎవరికి చెప్పారు?”

“ఏది?”

“చెప్పింది మంచిదైందన్నారు. ఎవరికి చెప్పారండీ?”

“పొద్దున టీ దగ్గర. సెల్లో ఆయనకీ, ఆ వయొలిన్ పిల్లకీ. వాళ్లే అడిగారు, ఆ సాగదీత ఏమిటని. నాకు ఆగలేదు. చెప్పేశాను. కాస్త చూసీచూడనట్టు పోండి, మా అక్కకి ఒంట్లో బాగాలేదు, మరుపొస్తోంది అని.”

“ఎంత పని చేశారండీ!”

“ఏం? వాళ్లు పరాయివాళ్లా?”

“ఇప్పుడే వస్తాను. మీరిక్కడే కూర్చోండి. ఎటూ వెళ్లకండి.”

“నేనెక్కడికి పోతాను? బాబూ, ఆ మొహం ఏమిటి అలా పెట్టారు? బాబూ!”

ఇంజినీరు తలుపు తియ్యబోయేసరికి అవతలి నుంచి అక్కే తోసుకుని వచ్చింది.

“అబ్బ, ఏం చల్లగా ఉంది ఈ గది. ఏమిటే చిన్నీ, ఇద్దరూ దొంగపాలు తాగిన పిల్లుల్లా ఉన్నారు? నా మీద చాడీలా?”

“అక్కా, ఇలా కూర్చో.”

“కూర్చుంటే నడుం పట్టేస్తుంది. చెప్పు.”

“మూడో టేకులో… ఎలా చెప్పనక్కా… పియానో ఒక్కటే వచ్చేచోట పన్నెండు బార్లు ఎక్కువ వాయించావు.”

“…ఇంజినీరు గారూ. చెప్పేశారా?”

“పన్నెండు బార్ల సంగతి ఒక్కటే చెప్పానమ్మా. ఇంకేం చెప్పలేదు.”

“ఇంకేం లేదుగా చెప్పడానికి.”

“పెద్దమ్మగారూ, ఒక్క నిమిషం బయటికొస్తే…”

“తర్వాత. మీరు వెళ్లి కాస్త కాఫీ తాగి రండి. దీనికీ ఒకటి తీసుకురండి, మొహం చూడండి ఎలా పాలిపోయిందో.”

“సరేనమ్మా.”

“…వెళ్లాడా? ఇలా తిరుగు చిన్నీ. ఏమిటా చేతులు, మంచుగడ్డల్లా ఉన్నాయి. అవునే, వాయించాను. ఎక్కడో తప్పిపోయాను. వయసొచ్చింది, ఇంకేముంది.”

“నిజంగా? నీకు తెలుసా తప్పిపోయావని?”

“తెలుసు.”

“ఎప్పట్నుంచీ?”

“ఎప్పట్నుంచో. అదంతా ఇప్పుడెందుకు?”

“నాతో చెప్పలేదేం అక్కా? ఆ చీటీలన్నీ నేను చూశాను. పాలగిన్నె సంగతీ నాకు తెలుసు. నువ్వు బాధపడతావని కుక్కిన పేనులా ఊరుకున్నాను. ఒక్కదానివే మోస్తున్నావా ఇన్నాళ్లూ?”

“ఒక్కదాన్నే ఎందుకు మోస్తాను? పక్కన నువ్వున్నావుగా.”

“ఇంటికి పోదాం పద. డాక్టరు దగ్గరికెళ్దాం. ఈ వాయించడం, ఈ దీపాలు, ఈ చెవులకి పెట్టుకునేవీ ఏమీ వద్దు. నాకు భయంగా ఉందక్కా. పొద్దున లేచేసరికి నువ్వు నన్ను చూసి ఎవరు నువ్వు అంటావేమోనని రోజూ భయమే. నీ కంటే ముందే లేచి నీ మొహంలోకి చూస్తూ కూర్చుంటాను తెలుసా?”

“తెలుసు. కళ్లు మూసుకుని పడుకుని ఉంటాను కానీ తెలుసు.”

“మరి? పద పోదాం.”

“రెండు పూటల పనే మిగిలింది చిన్నీ. ఈ భాగం, చివరి భాగం. నూట నలభై ఏళ్లు చీకట్లో పడున్నాడు ఆ మహానుభావుడు. మొదటి రికార్డు వచ్చాక ఎన్ని ఉత్తరాలొచ్చాయి మనకి? ఆ బస్సు డ్రైవరు రాశాడు, డిపోలో బండి కడిగేటప్పుడు రోజూ వింటున్నానని. ఆస్పత్రిలో ఆ నర్సు, పక్కమీద ఉన్న ముసలాయన ఇది పెడితేనే అన్నం తింటున్నాడు, ఎవరండీ ఈ రాసినాయన, ఇంకేమైనా రాశాడా అని అడిగింది. రాశాడమ్మా, ఇంకొకటుంది, తెస్తామని జవాబిచ్చింది నువ్వే.”

“నేనా?”

“…నువ్వే. నీ రాతే. పోనీలే, అప్పుడు నాకు చేతులు నొప్పులుగా ఉన్నాయని నిన్ను రాయమన్నాను.”

“ఎవరైతేనేం. ఆయన ఇన్నాళ్లు ఆగాడు, ఇంకొన్నాళ్లు ఆగుతాడు. నాకు ఆయనెవరు? నాకు నువ్వు కావాలి. అందుకే చెప్పేశాను వాళ్లకి.”

“ఎవరికి? ఏం చెప్పావు?”

“సెల్లో ఆయనకీ వయొలిన్ పిల్లకీ. అక్కకి మరుపొస్తోందని.”

“…ఎప్పుడు?”

“పొద్దున. కోపమా?”

“లేదు.”

“కోపంగానే ఉన్నావు.”

“లేదన్నానుగా. నీ మీద నాకెప్పుడైనా కోపమొచ్చిందా?”

“బోలెడుసార్లు. చిన్నప్పుడు నీ కొత్త గౌను కత్తిరించానని వారం మాట్లాడలేదు నువ్వు.”

“అది బాగా గుర్తుందే నీకు.”

“ఎందుకు గుర్తుండదు? పచ్చగౌను, తెల్ల చుక్కలు. ఎందుకలా చూస్తున్నావు?”

“ఏం లేదు. వచ్చాడు చూడు ఇంజినీరు. కాఫీ తేలేదేమండీ?”

“పెద్దమ్మగారూ, కాఫీ కాదు… హాల్లోకి వచ్చేశారు వాళ్లిద్దరూ. సెల్లో ఆయన రికార్డు కంపెనీకి ఫోన్ కూడా చేసేశాడట.”

“దేనికి?”

“మధ్యాహ్నం రికార్డింగు ఆపేద్దామంటున్నారు. ఇంతటి మనిషి పరువు పోకముందే ఆపాలి అంటున్నాడాయన. వచ్చే నెల ఇంకో పియానో ఆవిడ వస్తుందట. అన్ని భాగాలూ ఆవిడతో మళ్లీ మొదట్నుంచి తీస్తారట. మీకు… ఎలా చెప్పాలండీ… మీకు మరుపు జబ్బని కంపెనీవాళ్లు పత్రికలకి రాసి పంపుతారట. మీ మంచికే, ఎవరూ ఇంకేం అనుకోకుండా.”

“ఊఁ.”

“ఊఁ ఏమిటండీ? ఒక్క మాటతో పోయేదానికి!”

“సరేనని చెప్పండి.”

“పెద్దమ్మగారూ!”

“సరేనన్నానుగా. ఆ వచ్చే ఆవిడ బాగా వాయిస్తుంది, నేను విన్నాను. పేజీల నిండా నా గుర్తులుంటాయి, అవి చూసుకోమనండి. లైబ్రరీ పంపిన ఆ కొత్త పేజీ ఒక్కటీ జాగ్రత్త, అందులో ఎడమచేతి వరస కోడిగీతలాయనే తప్పు రాశాడు.”

“అక్కా! ఇంత తేలిగ్గా ఒప్పుకుంటావేం? ఆరేళ్ల పని! నేను ఇంటికి పోదామన్నాను కానీ, ఊరంతా చాటించుకోమన్నానా? మరుపు జబ్బని పత్రికల్లో వేస్తారా? నీ గురించా? పోట్లాడవేం నువ్వు?”

“పోట్లాడే ఓపిక లేదే.”

“ఓపిక లేకపోవడమేమిటి? అచ్చులో ఒక చుక్క తప్పు పడిందని ఆ ముసలి ప్రెస్సాయన్ని ఏడిపించిన దానివి! బాబూ, మీరైనా చెప్పండి.”

“నేను చెబుతాను. నేనింక ఊరుకోలేను.”

“ఇంజినీరు గారూ, మీరు నోరు మూసుకోండి.”

“మూసుకోనమ్మా. క్షమించండి. మీ గురించి అబద్ధం రాసి పంపిస్తుంటే ఈ గదిలో కూర్చుని మీటలు తిప్పుకుంటూ ఉండలేను.”

“మీకు అమ్మ ఉందా?”

“ఉందండీ.”

“అయితే మూసుకోండి.”

“అబద్ధమేమిటి? ఏది అబద్ధం? అక్కా, ఏమిటి మీ ఇద్దరి మధ్యా? ఇందాక ఈయన ఏదో కెమెరా అన్నారు. తల ఊపావని అన్నారు. అదేనా?”

“అదేం లేదే.”

“నేను చూస్తాను.”

“చూడ్డానికేముంది, నా బోడితల. పద, మన చలికోట్లు తీసుకుందాం.”

“చూస్తానన్నాను. పెట్టండి బాబూ.”

“ఇంజినీరు గారూ, వద్దండీ.”

“పెట్టండి! ఇందాక పన్నెండు బార్లు విన్నదాన్ని, చూడలేనా? చచ్చిపోను కదా!”

“…ఇదిగోండి చిన్నమ్మగారూ. ఈ తెర మీద. పద్దెనిమిదో బార్ నుంచి.”

“ఇది అక్క. చేతులు చూడు ఎంత నెమ్మదిగా… ఏమీ వణకడం లేదే. ఇది నేను. జుట్టింత తెల్లబడిందా నాది? ఆఁ, ఇప్పుడు ఊపింది తల. చూశారా, ఊపింది.”

“అవునండీ.”

“ఎందుకూపింది? అక్కడ… అక్కడ పేజీ అయిపోయింది కదా. పేజీ అయిపోతే మరి… మళ్లీ ఊపింది. నేనేం చేస్తున్నాను?”

“కూర్చుని ఉన్నారండీ.”

“కూర్చుంటే కాదు, ఎటు చూస్తున్నాను? కిటికీ వైపా?”

“పేజీ వైపేనండీ.”

“పేజీ వైపే. కళ్లు తెరుచుకునే ఉన్నాయి. మరి తిప్పదేం? చెయ్యి ఒళ్లోనే ఉందేం? తిప్పు. అదిగో పెదవులు కదుపుతోంది అక్క, చెబుతోంది, తిప్పవే అంటోంది. తిప్పు. తిప్పవే మొద్దూ! ఎన్నిసార్లు చెబుతుంది! తిప్పూ!”

“చిన్నీ, చాలు. ఆపండి దాన్ని.”

“ఆపకండి! మోచేత్తో పొడిచింది. ఇప్పుడు తిప్పింది… ఎవరో నిద్దట్లోంచి లేపినట్టు… అది నేను కాదు. అక్కా, అది నేను కాదు కదూ?”

“చిన్నీ, ఇలా రా.”

“నాకు గుర్తు లేదు. పొద్దున జరిగింది కదా ఇది? ఇవాళే కదా? నువ్వు పొడిచినట్టు నాకు గుర్తు లేదేం?”

“అలిసిపోయావు. పొద్దున్నుంచి ఏమీ తినలేదు.”

“నువ్వు కంఠస్థం చేస్తున్నావుగా అన్నీ. కంఠస్థమైతే పేజీ తిప్పకపోయినా వాయించుకుంటూ పోవచ్చుగా? తిప్పకపోతే నీకేం?”

“తర్వాత పేజీ లైబ్రరీ వాళ్లు పోయిన వారమే పంపారే. పాతదాంట్లో చిరిగినచోట సరిచేసి. అదొక్కటీ ఇంకా నోటికి రాలేదు. ఇందాక మెట్ల మీద కూర్చుని అదే నేర్చుకుంటున్నాను.”

“అంటే… మిగతావన్నీ నేను తిప్పినా తిప్పకపోయినా… ఎప్పట్నుంచి?”

“మొదటి రికార్డు చివర్లోంచి. అప్పుడు ఒకటి రెండుసార్లు ఆలస్యమైంది అంతే. ఎవరికైనా అవుతుంది.”

“రెండేళ్లు. రెండేళ్లుగా తెల్లారకముందే లేచి నేర్చుకుంటున్నావు, నేను పక్కన ఊరికే కూర్చోడానికి. ఇవాళ ఆపెయ్యొచ్చుగా? చేతులెత్తేసి, పేజీ తిరగలేదండీ అంటే సరిపోయేదిగా?”

“ఆపితే అందరూ నీవైపు చూస్తారు.”

“అందుకని పన్నెండు బార్లు అల్లావా?”

“ఇంకో రెండు బార్లలో తిప్పుతావనుకున్నాను. తిప్పలేదు. ఇంకో రెండు వాయించాను. తిప్పుతుందిలే, తిప్పుతుందిలే అనుకుంటూ… చేతికొచ్చింది వాయించాను. చచ్చేంత భయమేసింది చిన్నీ. తప్పు వాయించినందుకు కాదు. నీ మొహం చూసి.”

“పాలగిన్నె?”

“గిన్నేలే, పోతే పోయింది.”

“అక్కా, నిజం చెప్పు. పాలగిన్నె ఎవరు పెట్టారు? తల తిప్పుకోకు, నేనే కదూ? షాపుకి నా వెనకాల రావడం… నీకు భయమేసి కాదు. నా చేతిసంచీలో ఒక చీటీ ఉంది. ఇంటి అడ్రసు, నీ ఫోను నంబరు, నీ రాత. నీ సంచీలో పెట్టుకోబోయి పొరపాటున నా దాంట్లో పెట్టావనుకున్నాను. పాపం, చూడు ఎంత మరుపో అనుకుని ఏడ్చాను అక్కా నేను! నీ కోసం ఏడ్చాను!”

“ఏడవకు. నా మాట విను. ఇప్పుడేమైంది? ఇద్దరం ఉన్నాం. నువ్వన్నట్టు డాక్టరు దగ్గరికి ఇద్దరం కలిసే వెళ్దాం. ఈ రికార్డు ఆవిడెవరో చేస్తుంది. పత్రికల్లో నా పేరు వేస్తే వెయ్యనీ. ఎవరిదో ఒకరిది వెయ్యాలిగా, నాదైతే ఏం? నువ్వు నలుగురిలో తల ఎత్తుకుని తిరుగు, చాలు నాకు.”

“పెద్దమ్మగారూ, హాల్లోంచి వాళ్లు చెయ్యి ఊపుతున్నారు. కంపెనీకి ఏం చెప్పాలని అడుగుతున్నారు.”

“చెప్పానుగా. సరేననండి.”

“బాబూ, హాల్లోకి వినపడేది ఈ మీటేనా?”

“అవును చిన్నమ్మగారూ, కానీ…”

“వద్దే. దాని మీద చెయ్యి తియ్యి. నేను మాట్లాడతాను.”

“నువ్వు మాట్లాడితే అబద్ధమాడతావు.”

“చిన్నీ, ఒక్కసారి చెప్పాక మళ్లీ వెనక్కి తీసుకోలేం. అందరూ నిన్ను వేరేగా చూస్తారు. నీకు తెలీదు, వద్దు.”

“రేపటికి నాకు చెప్పాలని గుర్తుంటుందో లేదో. చెయ్యి వదులు అక్కా. ఎర్రదీపం వెలిగిందా బాబూ? వినపడుతోందా అండీ లోపల? నేను, చిన్నమ్మని… పొద్దున టీ దగ్గర నేను చెప్పింది తప్పు. మా అక్కకి ఏ జబ్బూ లేదు. మర్చిపోతున్నది నేను.”